ఎడమచేతి పనితనం

చిప్ లేఅవుట్ గీసేవాళ్ల నేర్పు తెలియాలంటే తెరకన్నా ముందు వాళ్ల ఎడమచేతిని చూడాలి. కుడిచేయి మౌస్ వదలదు, ఎడమచేయి కీబోర్డు మీటలు వదలదు. కేడెన్స్ వర్చువోసో అనే లేఅవుట్ సాఫ్ట్‌వేర్‌లో ఎఫ్4 నొక్కితే ఆకారం మొత్తాన్ని కాకుండా ఒక్క అంచునే పట్టుకోవచ్చు. కంట్రోల్‌తో డి నొక్కితే పట్టినవన్నీ వదిలేయవచ్చు. మెటల్ పొరలు ఒకదానిమీదొకటి పేరుకున్నచోట కావలసినదాన్నే ఎంచుకోవడం మాటలు కాదు. అందుకే చేయి తిరిగినవాళ్లు ఎఫ్4 దాకా వేలు చాచే పని లేకుండా, ఆ సాఫ్ట్‌వేర్ స్కిల్ భాషలో ఒక పంక్తి రాసి ఆ పనిని దగ్గరి మీటకు తెచ్చుకుంటారు. ఆ పంక్తిని సీడీఎస్‌ఇనిట్ ఫైల్లో పెడితే సాఫ్ట్‌వేర్ తెరిచినప్పుడల్లా అదే అమరిక సిద్ధం. (పక్కవాళ్ల సీట్లో కూర్చుంటే మాత్రం తిప్పలే!) ఎంత అనుభవమున్నా, ఇంకా మెనూల్లో వెతుక్కునేవాళ్లకు నేను సగం మార్కులే వేస్తాను.