తల ఎత్తించే పని

నగరంలో జనాన్ని వెంట నడిపిస్తూ పాత కట్టడాలు చూపించే గైడుది కబుర్ల వృత్తి అని చాలామంది పెదవి విరుస్తారు. నిజానికి అతను కంటికి తర్ఫీదు ఇస్తాడు. 1953 అక్టోబరు దాకా మన కావలి ఊరికి రాజధాని మద్రాసే కనుక ఉదాహరణ అక్కడి పారీస్ కార్నర్‌లోనే వెతుకుదాం. ఒకపక్క 1892 నాటి హైకోర్టు, ఎర్ర ఇటుక, గుమ్మటాలు. రోడ్డుకు ఇవతల 1940 నాటి డేర్ హౌస్, గుమ్మటాల ఊసే లేని ఆర్ట్ డెకో శైలి. నడుమ అర్ధశతాబ్దం కూడా లేదు. మంచి గైడు తేదీలు అప్పజెప్పడు. కాంక్రీటు ఫ్రేము వచ్చాక గోడకు బరువు తప్పి కిటికీ ఎలా వెడల్పవుతుందో, దాని మీది సన్‌షేడు ఎండనూ వాననూ ఎలా ఆపుతుందో నీడ పడే వేళకే తీసుకెళ్లి చూపిస్తాడు.

ఆర్ట్ డెకో ఆధునికత కాదు, పడమటి ఫ్యాషనే అనే ఆక్షేపణ ఉంది. కొంత నిజమే, అలంకారం మీద మోజు ఆ శైలికి తక్కువేం కాదు. కానీ సన్‌షేడు కావలి లాంటి ఊళ్ల డాబాలకూ చేరింది, ఉత్త ఫ్యాషనైతే ఇంత దూరం రాదు. మరి ఇదంతా చూడడానికి గైడెందుకు, ఫోనులో ఫొటోలు చాలవా? ఫొటో భవనం ముఖాన్ని చూపుతుంది గానీ వీధి మలుపుకు అది ఒదిగిన తీరును చూపలేదు. చెన్నై పని మీద వెళ్తే అలాంటి నడకలో ఒకసారి చేరండి. గైడు రుసుము దగ్గర మాత్రం బేరమాడకండి.