గాథిక్ వాస్తుశిల్పము: ఉత్పత్తి, లక్షణములు

‘గాథిక్’ అను పేరు ఆ శైలిలో కట్టినవారు పెట్టుకొన్నది కాదు. అది పునరుజ్జీవనయుగమునందలి ఇటలీ విద్వాంసుల నిందావాక్యము. 1550లో శిల్పుల, చిత్రకారుల చరిత్రములను ప్రకటించిన వసారి ఈ పద్ధతిని గోతుజాతివారి సృష్టిగా చెప్పి తూలనాడెను. గోతులు రోమును కొల్లగొట్టినది 410లో. ఈ శిల్పము ఫ్రాన్సులో తలయెత్తినది పండ్రెండవ శతాబ్ది మధ్యమున. పేరు నిలిచినది కాని, అది సూచించు సంబంధము నిలువదు.

ఈ శైలికి సాధారణముగా మూడు లక్షణములు చెప్పబడుచున్నవి: మొనదేలిన కమాను, రాతిబద్దలతో కూర్చిన వంపుకప్పు, గోడ వెలుపల నిలిచి కప్పు త్రోపును భరించు ఊతకమాను. వీనిలో మొదటిది కైరోలో 879లో పూర్తియైన ఇబ్న్ తులూన్ మసీదునందే కలదు. రెండవది ఇంగ్లండులో 1093లో ఆరంభమైన డర్హాం దేవాలయమున కనిపించును. కావున ఏ ఒక్క అంగమును పట్టుకొనియు గాథిక్ జన్మమును నిర్ణయింపజాలము. ఈ అంగములను ఏకము చేసిన ప్రయోజనమేది అనునదియే విచారణీయము.

ఆ ప్రయోజనము వెలుగు. పారిస్ సమీపమునందలి సెయింట్ డెనిస్ మఠాధిపతి సుజేర్ 1140లో దేవాలయపు తూర్పుభాగమును తిరిగి కట్టింప నారంభించి, 1144లో ప్రతిష్ఠ జరిపించెను. అచట బలిపీఠము వెనుకనున్న చిన్న మందిరముల నడుమ అడ్డుగోడలు తొలగినవి. రంగుటద్దముల కాంతి ఎడతెగక లోపలికి ప్రవేశించినది. భౌతికమైన కాంతి మనస్సును పరమార్థకాంతికి చేర్చునను భావము సుజేర్ రచనలలో స్పష్టముగా కలదు.

అర్ధవృత్తపు కమాను ఎత్తు దాని వెడల్పుచే నిర్ణీతము. మొనకమానుకు ఆ నిర్బంధము లేదు. వేర్వేఱు వెడల్పులపై ఒకే ఎత్తున నిలువగలదు. కప్పు బరువు స్తంభములపైకి దిగి, పార్శ్వపు త్రోపు ఊతకమానుల మీదుగా వెలుపలికి పోగా, గోడకు మోయు పని తగ్గినది, గోడ గవాక్షమైనది. 1194 నాటి అగ్నిప్రమాదము పిదప పునర్నిర్మితమైన షార్త్ర్ దేవాలయము, 1248లో ప్రతిష్ఠింపబడిన పారిస్‌లోని సాంత్ షాపెల్ ఈ పరిణామమునకు సాక్షులు. 1284లో బోవే దేవాలయమున 48 మీటర్ల ఎత్తుగల కప్పు కొంత కూలుట ఆ సాహసమునకు హద్దును చూపినది.

నిర్మాణావసరమే ఈ శైలికి సర్వస్వమని పందొమ్మిదవ శతాబ్దిలో వియొలె-ల-ద్యూక్ వాదించెను. 1934లో పోల్ అబ్రహాం దీనిని ఖండించెను. మొదటి ప్రపంచయుద్ధమున దెబ్బతిన్న దేవాలయములలో కొన్నిచోట్ల బద్దలు రాలినను కప్పు నిలిచియుండుట ఈ ఖండనకు బలమిచ్చినది. అయినను బద్దలు అలంకారమాత్రములనుట తగదు. కట్టునపుడు అవి కప్పునకు ఆకృతి నిచ్చినవి. కట్టిన పిదప చూపరి దృష్టిని స్తంభపాదమునుండి పైకప్పువరకు నడిపినవి. మోయుట ఒక ధర్మము; మోయుచున్నట్లు తోపించుట మఱొక ధర్మము. ఈ రెండింటిని వేఱుపఱచిన విమర్శ లెక్కలలోనో వర్ణనలలోనో ఆగిపోవును. గాథిక్ శిల్పి రాతిని వెలుగునకు వశము చేసెను. దానిని గ్రహించుటకు లక్షణముల పట్టిక చాలదు. ఒక్కొక్క దేవాలయమునందు ఏ లక్షణము ఆ ప్రయోజనమునకు ఎట్లు లొంగినదో పరిశీలింపవలెను.