తుక్కు ఇత్తడికి మైనపు దారి

మైనపు నమూనాతో చేసే ఆదిలాబాద్ డోక్రా పోతలో కరిగేది చాలావరకు తుక్కు ఇత్తడే: పగిలిన బిందెలు, అరిగిన కుళాయిలు, పాత గిన్నెలు. జైనూర్ మండలం ఉషేగావ్ వంటి ఊళ్లలోని ఓజా కళాకారులు దాన్ని గోండుల దేవతారూపాలుగా, గంటలుగా, నెమళ్లుగా మారుస్తారు. ఈ పనికి 2018లో భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు దక్కింది.

ముందు లోపలి మట్టిగడ్డ చేస్తారు. బంకమట్టిలో ఊక, పేడ కలిపి పిసికి, బొమ్మకంటే కాస్త చిన్నగా మలిచి ఆరబెడతారు. కాల్చినప్పుడు ఊక బూడిదై సన్నని రంధ్రాలు మిగులుతాయి. పోత పోసేటప్పుడు గాలి వాటిగుండా బయటికి పోతుంది.

తర్వాత తేనెమైనం, గుగ్గిలం, కొద్దిగా నూనె కలిపి కాచి, సన్నని తీగలు తీస్తారు. వాటిని గడ్డ చుట్టూ ఒకదానికొకటి ఆనించి చుడతారు. నెమలి ఈకల గీతలు, గంట అంచు మెలికలు, దేవత కళ్లు అన్నీ మైనంలోనే తేలాలి. మైనం ఎంత మందమో రేపు ఇత్తడీ అంతే మందం.

పైన మొదటి పూత మెత్తటి మట్టి. తీగల మధ్య సందుల్లోకి దిగి గీతగీతనూ పట్టుకునేది అదే. దానిమీద గరుకుమట్టి దట్టంగా మెత్తి, లోహం పోయడానికి ఒక దారి ఉంచుతారు. మూసను వేడి చేస్తే మైనం కరిగి కారిపోతుంది, దాని ఆకారం ఖాళీగా నిలుస్తుంది.

ఇత్తడి సుమారు 900 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అంతకు మించి కాగితే అందులోని జింకు తెల్లపొగై పోతుంది, పీలిస్తే జ్వరం తెస్తుంది. ఆ హద్దును కళాకారుడు కంటితోనే పసిగట్టి, ధార తెగకుండా పోస్తాడు. చల్లారాక మూస పగలగొట్టి ఆకురాయి పడతాడు. ఒక్కో మూస ఒక్కసారికే కాబట్టి ఏ రెండు బొమ్మలూ ఒకేలా ఉండవు. మొహంజదారో నర్తకి విగ్రహమూ ఈ మైనపు పద్ధతిలోనే పోశారు.

ఇత్తడిలో ప్రధానంగా ఉండేవి రెండే లోహాలు, రాగి, జింకు. అందుకే అది ఇంత సులువుగా మళ్లీ పోతకు వస్తుంది. సెల్‌ఫోన్‌లోనైతే పదుల కొద్దీ మూలకాలు జిగురుతో, టంకంతో అతుక్కుని ఉంటాయి. 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ తుక్కు 6.2 కోట్ల టన్నులు. పద్ధతిగా సేకరించి శుద్ధిచేసినట్టు లెక్కకు వచ్చింది అందులో నాలుగో వంతు కూడా లేదు. అలాంటి తుక్కు చేరిన ఢిల్లీ సీలంపూర్‌లో రాగి కోసం తీగలు కాల్చి, బోర్డులను యాసిడ్‌లో ముంచి, ఆ పొగను కూలీలు పీల్చారు. మళ్లీ వాడుకోవడానికి వీలుగా వస్తువు చేయడం కూడా పనితనమే. ఆ పాఠం ఫోన్లు చేసేవాళ్లు ఓజాల దగ్గర నేర్చుకోవాలి.