సైలెన్సర్ లోపలి పనితనం

దర్శి నుంచి అద్దంకి మీదుగా గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు మోసుకెళ్లే లారీ వెనకపడితే ఒకప్పుడు నల్లపొగ మింగక తప్పేది కాదు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్ముతున్న బీఎస్-6 లారీ వెనక వెళ్లి చూడండి. బండి కండిషన్‌లో ఉంటే పొగ కంటికి ఆనదు. ఆ ఘనత ఛాసిస్ పక్కన బిగించిన ఒక ఇనుప పెట్టెది.

లోపల పింగాణీ దిమ్మె, దాని నిండా తేనెపట్టులా సన్నని గొట్టాలు. ఒక గొట్టానికి ముందు మూత, పక్కదానికి వెనక మూత. లోపలికి వచ్చిన పొగకు ఎదర దారి ఉండదు, గోడలోని సూక్ష్మరంధ్రాల్లోంచి పక్క గొట్టంలోకి దూరాల్సిందే. మసి గోడ దగ్గరే ఆగిపోతుంది. పేరుకున్న మసిని దాదాపు 600 డిగ్రీల వేడిలో పెట్టె తనకు తానే కాల్చేసుకుంటుంది. ఫిల్టరు కట్టడం ఒక ఎత్తు, దాన్ని శుభ్రం చేసే ఏర్పాటునూ అందులోనే ఇమడ్చడం మరో ఎత్తు. ఆ పనివాళ్లకు దండం పెట్టాలి.

ఆ తర్వాత వచ్చేది రైతుకు తెలిసిన సరుకే, యూరియా. నూటికి 32.5 పాళ్లు యూరియా, మిగతాది శుద్ధిచేసిన నీరు. ఈ పాళ్లలో కలిపితే మైనస్ 11 డిగ్రీల దాకా గడ్డకట్టదు. వేడి పొగలో తుంపరగా పడగానే అది అమ్మోనియాగా మారి, విషపు నైట్రోజన్ ఆక్సైడ్లను మామూలు నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మార్చేస్తుంది. చేలో చల్లే వేపపూత యూరియాను నీళ్లలో కలిపి పోస్తే మాత్రం ఇంత పనితనమూ బూడిదలో పోసినట్టే.

మసి ఊపిరితిత్తులకే కాదు, వాతావరణానికీ చేటు. అది ఎండను పీల్చుకుని గాలిని వేడెక్కిస్తుంది. కాబట్టి ఆ పెట్టె చేసే మేలు చిన్నది కాదు. కానీ బొగ్గుపులుసు వాయువును అది పట్టలేదు. లీటరు డీజిల్ కాలితే ఆ వాయువు రెండున్నర కిలోలకు పైగా గాలిలో కలుస్తుంది. అది తగ్గాలంటే డీజిలే తగ్గాలి. తిరుమల ఘాట్ రోడ్డులో 2022 నుంచి ఆర్టీసీ విద్యుత్ బస్సులు నడుస్తున్నాయి. మన మిర్చి, పత్తి లారీలకు మాత్రం ఇంకా డీజిలే దిక్కు.

ఇక డీజిల్ ఆదాకు మిగిలింది డ్రైవరు కాలిలోని పనితనం. మంచి డ్రైవరు ఇంజిన్ వేగం చూపే మీటరు ముల్లును ఆకుపచ్చ గీత దాటనివ్వడు. దూరాన రైల్వే గేటు పడటం చూడగానే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, బండిని గేరులోనే దొర్లనిస్తాడు. అప్పుడు ఇంజిన్‌కు డీజిల్ పూర్తిగా ఆగిపోతుంది. న్యూట్రల్‌లో వేస్తే ఆదా అనుకుంటారు చాలామంది. నిజానికి అప్పుడే ఇంజిన్ ఆగిపోకుండా తిరగడానికి డీజిల్ ఖర్చవుతుంది, బ్రేకుల మీద భారమూ పెరుగుతుంది.

ఇలాంటి మెలకువలు నేర్చుకోవడానికి డ్రైవింగ్ శిక్షణ, పరిశోధన సంస్థ దర్శిలోనే ఉంది. లారీ యజమానులారా, లక్షలు పోసి బండి కొన్నారు. కల్తీ యూరియా పోయించకండి, సెన్సర్లు పీకించకండి, మీ డ్రైవర్లను శిక్షణకు పంపండి.