రేటు తర్వాత, చక్రం ముందు

సైకిల్ చూడకుండానే సర్వీసింగ్ రేటు చెప్పేసే షాపంటే నాకు నమ్మకం కుదరదు. పని తెలిసిన మెకానిక్ ముందు సైకిల్ ఎత్తి చక్రం తిప్పుతాడు. బ్రేకు రబ్బరు దగ్గర రిమ్ము ఎటు వాలుతోందో కనిపెడతాడు. చక్రాన్ని పక్కలకి ఊపి హబ్బులో లూజుందేమో చూస్తాడు. ‘రోజూ ఎంత దూరం తొక్కుతారు? వానలో తడిసిందా?’ అంటాడు. డబ్బు మాట ఆ తర్వాతే.

హైదరాబాద్‌లో ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వచ్చింది. తెల్లవారుజామున అక్కడ ఖరీదైన గేరు సైకిళ్లు ఎన్నో. వాటిని విప్పి బిగించడం తెలిసినవాళ్లు మాత్రం అంత తేలిగ్గా దొరకరు. చాలాచోట్ల సర్వీసింగంటే నీళ్లతో కడగడం, చైనుకు నూనె కొట్టడం, బిల్లు ఇవ్వడం. ఆ నూనె తుంపర బ్రేకు డిస్క్ మీద పడిందంటే ప్యాడ్లు నూనె పీల్చుకుని బ్రేకు పట్టు పోతుంది. తుడిస్తే సరిపోదు, చాలాసార్లు ప్యాడ్లే మార్చాలి. అది ప్రాణం మీదికి తెచ్చే పని.

నేను వెళ్లేది ఒక రేకుల షెడ్డుకి. పాత నల్ల సైకిల్ ఓవరాయిలింగ్‌కి వస్తే అక్కడి మెకానిక్ పేపరు పరిచి, వెనక ఇరుసు విప్పి, బాల్సన్నీ డబ్బా మూతలో డీజిల్ పోసి కడుగుతాడు. పక్కకి 9 చొప్పున 18. ఒక్కొక్కటీ గుడ్డతో తుడిచి, కోనును వెలుతురుకి పట్టి, గుంట పడిందేమోనని గోటితో తడిమి చూస్తాడు. ఒక్క బాల్ అరిగినా మొత్తం సెట్టు మార్చాల్సిందే. ‘కొత్తవీ పాతవీ కలిపితే బరువంతా కొత్తవాటి మీదే పడుద్ది సార్’ అంటాడు.

చైను దగ్గర ఆయన లెక్క మరీ నచ్చుతుంది. లింకు అరంగుళం కాబట్టి 24 లింకులు 12 అంగుళాలు రావాలి. స్కేలు పెట్టి కొలుస్తాడు. అంగుళంలో పదహారో వంతు సాగితే చైను మార్చమంటాడు. ఎనిమిదో వంతు దాకా ఊరుకుంటే వెనక పళ్లు కూడా అరిగి ఖర్చు పెరుగుతుంది. సాగకపోతే ‘ఇంకా వస్తది, ఇప్పుడే వద్దు’ అని స్కేలు పక్కన పెట్టేస్తాడు. ఆయిల్ బ్రేకులైతే తన దగ్గర సామాను లేదని నిక్కచ్చిగా చెప్పి పంపేస్తాడు. అలా చెప్పగలిగినందుకే మిగతా పనంతా నేను కళ్లు మూసుకుని ఆయనకి అప్పగిస్తాను.

మీరు కొత్త షాపు వెతుక్కుంటుంటే మొదట చక్రం బెండు తీయించి, పక్కనే నిలబడండి. చువ్వ నిప్పిల్‌ని పావు చుట్టు తిప్పి, మళ్లీ చక్రం తిప్పి చూసుకుంటూ, ఒకపక్క బిగిస్తూ రెండోపక్క వదులు చేస్తుంటే మీకు మనిషి దొరికినట్టే. అంతసేపు ఓపిగ్గా కూర్చున్న ఆయన దగ్గర పది రూపాయలకి బేరమాడకండి.