ప్లాస్టిక్ యుద్ధంలో నిజమెంత?

యుద్ధం ట్యాంకుల గోల మనకెందుకమ్మా అనకండి. పాత పెళ్లి ఫొటోలో జాకెట్టు చేతుల తీరు చూసి అది ఏ కాలం నాటిదో చెప్పేయగల వాళ్లం మనం. రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ ట్యాంకులకి ప్లాస్టిక్ నమూనాలు చేసేవాళ్ల పరిశోధన కూడా అచ్చంగా ఇలాంటిదే. నవలలు రాసే నాకు వాళ్ల పట్టుదల చూస్తే ముచ్చటేస్తుంది. ఒక్కచోట మాత్రం మనసొప్పదు.

ఈ నమూనాల్లో బాగా చెలామణీలో ఉన్న కొలత అసలు ట్యాంకులో 35వ వంతు. అదేమీ పండితులు కూర్చుని తేల్చింది కాదు. 1960ల మొదట్లో జపాన్‌లోని తమియా కంపెనీ పాంథర్ ట్యాంకు బొమ్మ చేసినప్పుడు, లోపల మోటారూ బ్యాటరీలూ పట్టడానికి కుదిరిన సైజు అది! పుట్టుక ఆటబొమ్మగానే అయినా, పెరిగేకొద్దీ పట్టింపులు ఎక్కువయ్యాయి.

టైగర్ ట్యాంకునే తీసుకోండి. 1942 నుంచి 1944 వరకు 1,300 పైచిలుకు తయారయ్యాయి. మన కళ్లకి అన్నీ ఒక్కలాగే ఉంటాయి. కానీ 1943 జూలైలో రష్యాలోని కుర్స్క్ పోరుకి వెళ్లిన టైగర్‌ని చేస్తున్నారనుకోండి, దాని ఒంటిమీద గరుకు పూత ఉండకూడదు. అయస్కాంతపు మందుపాతర అంటుకోకుండా పూసే ఆ ‘త్సిమరిట్’ కుర్స్క్ తర్వాతే వచ్చింది. 1944 సెప్టెంబరులో దాన్ని మానేశారు కూడా. చక్రాలకి రబ్బరు చుట్టు ఉండి తీరాలి. ఉక్కు అంచు చక్రాలు 1944లో గానీ రాలేదు.

ఇక రంగు. 1943 ఫిబ్రవరి నుంచి అడుగున ముదురు పసుపు వేసేవారు. దానిమీద ఆకుపచ్చ, ఎర్రమట్టి రంగు ముద్దల్ని నీళ్లలోనో పెట్రోల్లోనో కలిపి సిపాయిలే పూసుకునేవారు. ఎవరి చెయ్యి ఎలా తిరిగితే అలా! బ్లాక్ అండ్ వైట్ ఫొటోలో ఏ బూడిదరంగు పచ్చదో, ఏది ఎర్రదో ఎవరు చెప్పగలరు? అమ్మమ్మ పెళ్లిచీర రంగు గురించి ఇళ్లల్లో జరిగే తగువులాంటిదే ఇదీను.

పోనీ అసలు ట్యాంకునే చూద్దామా? 1943 ఏప్రిల్‌లో టునీషియాలో పట్టుబడ్డ టైగర్ ఒకటి ఇంగ్లండులోని బోవింగ్టన్ మ్యూజియంలో ఉంది. అయితే అది తన కథే చెబుతుంది గానీ కుర్స్క్ వెళ్లిన ట్యాంకు కథ చెప్పదు కదా!

ఇంత నిక్కచ్చిగా ఉండేవాళ్లని మెచ్చుకోకుండా ఎలా ఉంటాం? నా పేచీ ఆ తర్వాతి అడుగు దగ్గర. టైగర్లు తయారైంది కాసెల్ పట్టణంలోని హెన్షెల్ కర్మాగారంలో. బలవంతంగా పట్టుకొచ్చిన విదేశీయుల చేత అక్కడ చాకిరీ చేయించారు. బోల్టు ఏ నెలలో మారిందో చెప్పే పేజీల్లో, ఆ బోల్టు బిగించిన చెయ్యి అరుదుగా కనబడుతుంది.

“మాకు వస్తువే ముఖ్యం, రాజకీయాలు కాదు” అనవచ్చు. కానీ ఆ వస్తువుకి నెలా, ఊరూ కట్టింది వాళ్లే. 1943 జూలై, కుర్స్క్ అని రాశాక, అది అక్కడికి ఎవరి మీదికి వెళ్లిందో అనవసరం అంటే ఎలా కుదురుతుంది? సగం దారిలో ఆగిపోతే అది నిక్కచ్చితనం అనిపించుకోదు, మొహమాటం అనిపించుకుంటుంది.

బొమ్మలు చెయ్యొద్దని నేననను. నమూనా పక్కన పెట్టే చీటీలో ఏయే రంగులు వాడారో రాస్తారు కదా, దాని కిందే ఇంకో రెండు వాక్యాలకి చోటుంటుంది.