పెనుగొండలక్ష్మియు మన చిన్న ఊళ్లును

మన ఊళ్లను గూర్చి ఎవరేమి వ్రాసిరని అడిగినయెడల, చదువుకొన్నవారు మొట్టమొదట పుట్టపర్తి నారాయణాచార్యులవారి 'పెనుగొండలక్ష్మి' పేరు చెప్పుదురు. హిందూపురములోను ధర్మవరములోను దానిని చదువనివారు సహితము దాని పేరెరుగుదురు. ఇంత పేరుగల కావ్యమును విమర్శించుటకు నీవెవడవని మీలో కొందరు అడుగవచ్చును. అయితే మన పిల్లలు తమ ఊరిని చూచు చూపు కొంతవరకు పుస్తకములవలన కలిగినదే. గనుక ఆ పుస్తకములను పరీక్షించి చూచుట మన పనియే.

ఆచార్యులవారు 1914లో జన్మించిరి. పెనుకొండలో చదువుకొనిరి. ఆ ఊరి సబ్‌కలెక్టరుగారి భార్యయైన పిట్ దొరసాని వారికి ఇంగ్లీషు సాహిత్యము నేర్పినదని చెప్పుదురు. మీసములైన సరిగా రాని వయస్సులో ఈ కావ్యమును వ్రాసిరి. తరువాత వారు విద్వాన్ పరీక్షకు చదువునప్పుడు, తాము వ్రాసిన ఈ గ్రంథమే తమకు పాఠ్యపుస్తకమయ్యెను! తన పుస్తకమును తానే పరీక్షకొరకు వల్లించిన కవి మరియొకడు ఎక్కడనైనను గలడో లేడో.

కావ్యపు బలము దాని దుఃఖములోనే యున్నది. 1565లో తళ్లికోట యుద్ధమందు విజయనగరము కూలిన తరువాత పెనుకొండ రాజధాని యయ్యెను. కొంతకాలమునకు ఆ పదవి చంద్రగిరికి పోయెను. పెనుకొండకు మిగిలినవి బురుజులు, గగనమహలు, కోటగోడలు. వాటి మధ్య తిరిగిన బాలుడు పోయిన వైభవమునకై విలపించెను. పరుల పాలనలో నున్న జనమునకు, మీరును ఒకప్పుడు ఏలినవారేయని చెప్పు గొంతు ఆ దినములలో కావలసియుండెను. ఇంత చిన్న వయస్సున అంత నిండైన పద్యము నడిపిన కవిని మెచ్చుకొనకుండుట అన్యాయము.

నా ఫిర్యాదు కవిమీద కంటె మనమీద ఎక్కువ. ఒక బాలుని విలాపమును మనము ఊరంతటికి చిరునామాగా పెట్టుకొంటిమి. పెనుకొండను గూర్చి వ్యాసము వ్రాయుమని బడిపిల్లవానికి చెప్పి చూడుడి. రాయలతో మొదలుపెట్టి రాళ్లతో ముగించును. తాను ఆ ఉదయము బిందె పట్టుకొని నిలిచిన కుళాయి అందులో ఉండదు. తాలూకా కచేరి మెట్లమీద అర్జీ చేతబట్టుకొని మధ్యాహ్నమువరకు కూర్చున్న తన తాత అందులో ఉండడు. రాజు నడిచిన వీధియే చరిత్రమనియు, తాము నడుచు వీధి చరిత్రము కాదనియు వానికి నేర్పినవారము మనమే.

ఈ మూడు ఊళ్లలో రాజులు లేని భాగము ఎంతయున్నదో చూడుడి. హిందూపురమునకు మరాఠా సర్దారు మురారిరావు తన తండ్రి పేరు పెట్టెనందురు. నేడు ఆ ఊరి ప్రాణము మార్కెట్టులో నున్నది: బెల్లము, చింతపండు, ఎండుమిరప, పట్టుగూళ్లు. పట్టుపురుగును మేపిన రైతు రాత్రియనక పగలనక మల్బరీ ఆకు వేసి, చంద్రికలనుండి గూళ్లు విడిపించి, సంచులకెత్తి తెచ్చి, వేలములో తన కుప్పయొద్ద నిలుచుండును. గూడు నిలువయుండదు. లోపలి పురుగు రెక్కలతో బయటికి వచ్చినయెడల దారము తెగి సరకు పాడగును. కాబట్టి ఆ దినము పలికిన ధరయే ధర. ఆ మార్కెట్టులో బేరము తెలుగులో మొదలై కన్నడములో తెగును. ఎవరికిని అది వింతగా తోచదు.

ధర్మవరము సంగతి వేరు. అక్కడ వీధిలో నడుచువానికి ఇండ్లలోనుండి మగ్గపు చప్పుడు వినబడును. గుంతమగ్గములో కాళ్లు దించి కూర్చున్న నేతగాడు ఒక్కడే చీరె నేసెననుకొనకుడి. ఇల్లాలు నూలు చుట్టును, ముసలివారు చిక్కు తీయుదురు. పట్టు, జరీ షావుకారు ఇచ్చును. కూలి చీరెకింతయని చేతికి వచ్చును. పెద్ద వర్షము కురిసినప్పుడు గుంతలోనికి నీళ్లూరి పని నిలిచిపోవును. కరువు సీమలో వానకు ఏడ్చువారు వీరొక్కరే. కొన్ని రకములను చేనేతకే కేటాయించిన 1985 నాటి చట్టమున్నను మరమగ్గపు చీరె చేనేత పేరున అమ్ముడగుచునే యున్నది. అప్పు తీర్చలేక ప్రాణము తీసికొనిన నేతగాండ్ర వార్తలు మీరును చదివితిరి. ఈ ఇంటిలోని కుమారుడు మగ్గమెక్కవలెనా, బెంగుళూరు రైలెక్కవలెనా? ఆ ఊరిలో ప్రతిరాత్రి అన్నము పళ్లెముల యెదుట జరుగు తర్కము అదియే. దీనికంటె గొప్ప కావ్యవస్తువు శిథిలములలో దొరకునా?

మన కథకులు ఊరకుండిరని నేను చెప్పను. సింగమనేని నారాయణ, చిలుకూరి దేవపుత్ర, బండి నారాయణస్వామి మొదలగువారు ఈ సీమ బ్రదుకును బలముగా చిత్రించిరి. అయితే వారి చూపు ఎక్కువగా పల్లెమీదను కరువుమీదను నిలిచెను. పల్లెకు పట్నమై, పట్నమునకు పల్లెయైన ఊరు మధ్యలో మిగిలిపోయినది.

అటువంటి ఊరిని గూర్చి అమెరికాలో సింక్లేర్ లూయిస్ అనువాడు 1920లో 'మెయిన్ స్ట్రీట్' అను నవల వ్రాసెను. పదియేండ్లకు అతనికి నోబెల్ బహుమానము వచ్చెను. కథ జరుగు ఊరు మిన్నెసోటా రాష్ట్రములో గోధుమ చేల మధ్యనున్న రైలుస్టేషను ఊరు. పేరు కల్పితము. పట్నములో చదువుకొన్న కారల్ ఒక వైద్యుని పెండ్లాడి అక్కడికి కాపురమునకు వచ్చి, మొదటి దినమున ఊరు చూడబోవును. ముప్పదిరెండు నిమిషములలో ఊరంతయు అయిపోవును! ఆమెకు అంతయు దుమ్ము, వికారము. సరిగా అదే సమయమున చేలలోనుండి పనికొరకు వచ్చిన బియా అను పడుచు అదే వీధిలో నడచి, ఇన్ని దుకాణములా, ఇన్ని దీపములా అని నోరు తెరచును. వీధి ఒక్కటే. నవలయంతటిలో ఇంతకంటె మంచి పుటలు లేవని నా అభిప్రాయము. బెంగుళూరునుండి వచ్చిన కోడలును, మడకశిర పల్లెనుండి వచ్చిన కూలిపిల్లయు హిందూపురము బజారులో ఒకే గడియలో నడుచునప్పుడు జరుగునదియు ఇదియే.

లూయిసుకును లోపము గలదు. అతడు ఊరిని ఎగతాళి చేయుటలో రుచి మరిగి, కొన్నిచోట్ల మనుష్యులకు బదులు బొమ్మలను నిలువబెట్టెను. కాని ఒక్క చోట అతని కలము వణకదు. ఆ బియా పెండ్లాడి, బిడ్డను కని, పేదయింట కాపురముండును. పొరుగువాని బావిలో మంచి నీళ్లు తెచ్చుకొనుచుండగా అతడు సణుగుట మొదలుపెట్టును. అందుచేత వేరొక చోటి చెడ్డనీళ్లు త్రాగి, తల్లియు బిడ్డయు సన్నిపాతజ్వరమున చనిపోవుదురు. ఊరి గొప్పింటి స్త్రీలు అంతా ముగియబోవు వేళకు పరామర్శకు వచ్చెదరు. బావియొద్ద సణుగుడు అనగా ఏమియో మన సంఘములకు నేను విడమరచి చెప్పవలసిన పనిలేదు. ఏ వీధివారు ఏ బావిని ముట్టరాదో మీ తాతలు ఎరుగుదురు. ఊరిలో అందరును అందరిని ఎరుగుదురని మనము గొప్పగా చెప్పుకొందుము. అప్పుపుస్తకములో పేరు వ్రాసికొని బియ్యమిచ్చునదియు ఆ ఎరుకయే. పేరు అడుగకమునుపే వీధి అడుగునదియు ఆ ఎరుకయే.

నీళ్ల మాట వచ్చినది గనుక ఒక శాసనమును జ్ఞాపకము చేయుదును. గౌరిబిదనూరు ప్రాంతపు 1388 నాటి శాసనమొకటి గలదు. పెనుకొండనుండి ఏలుచున్న యువరాజు బుక్కరాయలు, పట్టణమునకు నది నీళ్లు తెమ్మని ఆజ్ఞాపింపగా, సింగయభట్టు అను జలశాస్త్రజ్ఞుడు పెన్నానదినుండి కాలువ త్రవ్వించెనని అందులో వ్రాయబడియున్నది. కోటలు కట్టించినవారిని తలచి కన్నీరు కార్చు మనము ఈ కాలువవానిని ఎన్నడైన తలచితిమా? నేడు హంద్రీనీవా కాలువ నీళ్లు పెనుకొండ దగ్గర గొల్లపల్లి జలాశయమునకు వచ్చుచున్నవి. ఎర్రమంచి యొద్ద 2019లో కార్లు చేయ మొదలుపెట్టిన కియా ఫ్యాక్టరీకి ఆ నీళ్లే ఆధారము. వేరుశనగ పండని నేలమీద ఏటికి మూడు లక్షల కార్లు చేయగల కార్ఖానా! కొరియావారి కొరకు వెలసిన భోజనశాలల పేరుబల్లలు పెనుకొండ రోడ్డుమీద కొరియా అక్షరములలో వ్రేలాడుచున్నవి. ఇది శిథిలనగరము కాదు. అయితే ఆ గేటు లోపలికి ఎవరి బిడ్డలు పోయిరి, ఎవరి బిడ్డలు గేటు బయట టీ అమ్ముచున్నారు అనునది ఇంకను ఎవరును కథగా వ్రాయలేదు.

2015 జనవరిలో మడకశిర నుండి పెనుకొండకు వచ్చు బస్సు లోయలో పడిన సంగతి మీలో అనేకులకు జ్ఞాపకముండును. చనిపోయినవారిలో ఎక్కువమంది చదువుకొరకు ఊరికి వచ్చుచున్న పల్లెపిల్లలు. ప్రతి ఉదయము నిండిన బస్సులో నిలువబడి వచ్చి సాయంకాలము తిరిగిపోవు ఈ పిల్లలే పెనుకొండకు నిజమైన జనసంఖ్య. వారికి ఆ కొండ గతవైభవము కాదు; బస్సు దిగవలసిన స్థలపు గురుతు.

'పెనుగొండలక్ష్మి'ని పారవేయుడని నేను చెప్పుట లేదు. పిల్లలచేత బిగ్గరగా చదివింపుడి. ఆ తెలుగు వారి నోటికి అలవాటు కావలెను. చదివిన తరువాత, ఇందులో మీ యిల్లు ఎక్కడనున్నదని అడుగుడి. వారు వెదకి లేదని చెప్పిననాడు, అట్లయితే నీవు వ్రాయుమని ఒక నోటుబుక్కు కొని చేతికిండి. ధర్మవరములో పుట్టిన రామకృష్ణమాచార్యులవారు ఆంధ్రనాటక పితామహులైరి గదా. ఈ మట్టికి మాటలు కొదువలేదు.

లూయిసు నవల వెలువడినప్పుడు అతని సొంత ఊరైన సాక్‌సెంటర్ వారు మిక్కిలి నొచ్చుకొనిరి. కొన్ని ఏండ్లు గడచిన తరువాత ఆ వీధికి ఆ పుస్తకపు పేరే గర్వముగా తగిలించుకొనిరి. మన ఊళ్లను గూర్చి అంత నిక్కమైన పుస్తకము మన పిల్లలలో ఒకరు వ్రాసినయెడల, మొదట నొచ్చుకొనువారిలో మన సంఘపెద్దలు కొందరుందురనియే నా అనుమానము.